పట్టు తీగల ఫిడేలు

ఫిడేలు వాయించేవాళ్లు పరువు పోగొట్టుకోవాలంటే వేదిక కావాలి, జనం కావాలి, కనీసం ఒక అపస్వరమైనా కావాలి. నాకు ఇవేవీ అక్కర్లేకపోయాయి. మా అవ్వ దేవుడి గదిలో, కమాను చేత్తో ముట్టుకోకుండానే, ఒక్క మాటతో పని పూర్తిచేశాను. ఆ మాట దగ్గరికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

మాది పులివెందుల. యూరప్‌లో మూడువందల ఏళ్లనాటి సంగీతాన్ని ఆనాటి పద్ధతిలోనే వాయించడం నేర్పే చదువొకటి ఉంది. రెండేళ్లు అక్కడే ఉండి, అది ముగించి, పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చాను. తర్వాత ఏం చేయాలన్నది కూడా గట్టిగా అనుకునే వచ్చాను. ప్రొద్దుటూరులో ఫిడేలు బడి పెట్టాలి. దానికి నాకు నచ్చిన చోటు ఒక్కటే, మా మేనమామ బంగారు అంగడి మీద ఖాళీగా ఉన్న గది.

"ఏం పాటలు నేర్పుతావు పాపా?" అన్నాడు మామ.

"పాతవి మామా. శానా పాతవి."

"బ్లాక్ అండ్ వైట్ సినిమాలవా?"

"సినిమా పుట్టకముందువి."

"అబ్బో! మరి నీకు నేర్పినోళ్లు బతికే ఉండారా?"

మామ వెటకారం ఎలా ఉన్నా, వాళ్లమ్మ మాట, అంటే మా అవ్వ మాట, దాటడు. అవ్వేమో, "దసరాకు ఆయుధపూజలో ఫిడేలు పెట్టు. అమ్మవారు చూసినాంక గది సంగతి చూస్తాం" అంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ పాతకాలపు ఫిడేలుకు ఉక్కు తీగలుండవు. గొర్రె పేగులు ఎండబెట్టి, మెలిపెట్టి చేస్తారు. మా అవ్వ ఇంట్లో కోడిగుడ్డు అనే మాట కూడా గొంతు తగ్గించి అనాలి.

అవ్వ గోటితో తీగ మీటింది. "ఇనుము కాదే ఇది. ఏంది పాపా?"

"పట్టు అవ్వా." నా నోటికి అంతకంటే మడి వస్తువు తోచలేదు మరి.

"పట్టుతో పాట గూడా వస్తాదా!" అని అవ్వ మురిసిపోయింది. ఆ మురిపెం చూసి, పోనీలే, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. చూశారా, అక్కడ పట్టింది శని.

పూజ రోజు అమ్మవారి పటం ముందు త్రాసులు, గీటురాయి, నడుమ పసుపు కుంకాలతో, బంతిపూల మాలతో నా ఫిడేలు. మామ హారతి ఇస్తున్నాడు, అవ్వ గంట వాయిస్తోంది. అప్పుడొచ్చింది రాణి. రాణి అంటే అవ్వ పిల్లి. పెరుగన్నం తప్ప ఇంకేదీ ఎరగదని అవ్వ ఊరంతా చెప్పుకుంటుంది. అది తిన్నగా ఫిడేలు దగ్గరికి పోయి, ఒకసారి వాసన చూసి, కళ్లు మూసుకుని తీగలు నాకడం మొదలుపెట్టింది.

"దీనికేం పుట్టిందమ్మా? ఫిడేలు నాకుతాంది!" అన్నాడు మామ.

అంతే, పేగుల గుట్టు బయటపడిందనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట వెనకటికొకడు. నన్నెవరూ ఆ పాటి కూడా అడగలేదు. అయినా భుజాలు తడుముకుని, గుమ్మడికాయ కూడా తెచ్చి ముందు పెట్టాను.

"తప్పయిపోయింది అవ్వా! పట్టు కాదు, గొర్రె పేగులు! ఆ వాసనకే వచ్చింది!"

గంట ఆగిపోయింది. అవ్వ నావైపు చూసి మెల్లగా అంది:

"నెయ్యి పూసినా కదే పాపా. పట్టు ఎండిపోతాందని పొద్దున్నే ఆవునెయ్యి పూసినా."

నెయ్యి! నోరు మూసుకుని ఉంటే పిల్లిని అదిలించి హారతి కళ్లకద్దుకునేవాళ్లు.

"గొర్రె పేగులా! అమ్మవారి పక్కనా!" మామ హారతి పళ్లెంతోనే రెండడుగులు వెనక్కి వేశాడు.

"అరవాకురా," అంది అవ్వ. "గుళ్లో మద్దెలకు ఉండేది ఏందనుకున్యావు, అరిటాకా? తోలు కాదా? నాకు పేగులతో బాధ లేదు. నా కండ్లల్లోకి చూసి పట్టు అన్న్యాది చూడు, అదీ బాధ."

ఆ మాటకు నాకు నిజంగానే ఏడుపొచ్చింది. మద్దెల సంగతి నాకెందుకు తోచలేదో! ముందే నిజం చెప్పి ఉంటే అవ్వే నాకు వకీలయ్యేది.

మామ మాత్రం కరగలేదు. "బంగారు అంగడి మీద వద్దుగాక వద్దు. కావాలంటే జమ్మలమడుగులో నా మిద్దె ఉంది, పైన ఖాళీనే. ఆడైతే పేగులన్నా ఎవురూ ఏమనరు, కింద ఉండేది మటన్ అంగడే కదా..."

అని టక్కున నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఏం అంగడిరా?" అంది అవ్వ. "బట్టల అంగడికి బాడుగకిచ్చినా అంటివి కదరా!"

ఇంటిల్లిపాదీ చూస్తుండగా నేనూ మామా పక్కపక్కనే తలలొంచుకుని నిలబడ్డాం. రాణి ఒక్కటే తలెత్తకుండా దాని పని అది చేసుకుంటోంది.

తీర్పు అవ్వే చెప్పింది. "నీ మిద్దెకు, దీని ఫిడేలుకు సరిపోయింది. పాపా, ఆడనే పెట్టుకో నీ బడి. బోర్డు మీద మాత్రం పట్టు అని రాయాకు."

అలా నా బడి జమ్మలమడుగులో మొదలైంది. నేను పైన తాళం వేస్తే కింద మటన్ కొట్టే కత్తీ తాళం వేస్తుంది, అదే నాకంటే నిక్కచ్చి. మొదటిరోజు అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, తీగలకని నెయ్యి డబ్బా ఇచ్చి వెళ్లింది.

ఆ డబ్బా మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట అవ్వకు అబద్ధం చెప్పను. ఒకవేళ చెప్పినా, నెయ్యి వాసన చూడందే ఒప్పుకోను.