మగ్గం కట్టెకూ పొట్టకూ నడుమ పిడికిలి

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, తొలకరి నెలలో, నన్ను మన్ననూరు అటవీ ప్రాంతం నుంచి గద్వాలకు బదిలీ చేశారు. హోదా మెడికల్ ఆఫీసర్. పని అసంక్రమిత వ్యాధుల క్లినిక్‌లో, అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకోకపోయినా పట్టుకుంటే వదలని షుగరు, బీపీ, గుండె జబ్బుల దగ్గర. రిటైరు కావడానికి అప్పటికి రెండేళ్లే మిగిలాయి. అడవి ఊళ్లలో ఎనిమిదేళ్లు చూసినవన్నీ రక్తహీనత, మలేరియా, ఆకలి. బక్కమనిషికి షుగరెక్కడిదన్న ధీమా నాకు అక్కడే పాతుకుపోయింది. దాన్ని సామానుతో పాటు గద్వాలకు మోసుకొచ్చాను.

నేతవాళ్ల వాడలో ఒక క్యాంపు పెట్టాం. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ ఎత్తు, బరువు, బీపీ చూడాలి. టేపుతో నడుము కొలవాలి. వేలికొన నుంచి చుక్క రక్తం తీసి షుగరు చూడాలి. మగవారికి నడుము తొంభై సెంటీమీటర్లు, ఆడవారికి ఎనభై దాటితే జాగ్రత్తపడాలని నియమం. ఆ రోజు జనం ఎక్కువ, రక్తపరీక్ష పట్టీలు తక్కువ. నేను అతితెలివికి పోయాను. ఎత్తుకు తగ్గ బరువున్నవారికి టేపూ వద్దు, పట్టీ వద్దు, లావుపాటివాళ్లకు దాచండని నర్సుకు చెప్పాను. పైనుంచి వచ్చిన ఉత్తర్వు కాదది, పూర్తిగా నా నిర్వాకమే.

అలా పరీక్ష తప్పినవారిలో తిమ్మప్ప ఒకరు. యాభై దాటిన నేతగాడు, బరువు అరవై రెండు కిలోలు. కాళ్లూ చేతులూ సన్నం, వదులు చొక్కా. కార్డు మీద "సాధారణం" అని రాసి పంపేశాను.

రెండు నెలలకు ఆయన్ను భార్య ఈరమ్మ క్లినిక్‌కు తీసుకొచ్చింది. గుంట మగ్గం మీద కూర్చున్నవారు గుంటలోకి కాళ్లు చాపి కర్రలు తొక్కుతూ నేస్తారు. ఆ కర్ర ఒరుసుకుని కుడికాలి రెండో వేలికి పుండు పడింది. నెలయినా మానలేదు. వేలి కొస నల్లబడుతోంది. ఇన్నాళ్లూ ఏం చేశావని కసురుకున్నాను.

"నొప్పి లేకుండె సారూ. మీరు గూడ ఏం లేదంటిరి గద," అన్నాడు తిమ్మప్ప. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. అందుకే నాకు మరీ గుచ్చుకుంది.

షుగరు మూడు వందలు దాటింది. బరువు సరిగ్గానే ఉంది కదా అని నాలో నేను గొణుక్కుంటే ఈరమ్మ విన్నది. "బరువు గాదు సారూ, పొట్ట జూడుండ్రి. నేసిన బట్ట జుట్టుకునే కట్టె ఉంటది గద, ఇంతకుముందు దానికీ ఈయన పొట్టకూ నడుమ పిడికిలి పడుతుండె. ఇప్పుడు వేలు గూడ పడ్తలేదు. కూసునే పలక రెండుసార్లు ఎనకకు జరిపిండు," అంది. చొక్కా ఎత్తి టేపు పెట్టాను. తొంభై ఎనిమిది.

పేగుల చుట్టూ చేరే కొవ్వు మూటగట్టి పక్కన పెట్టిన సామాను కాదు. అదీ ఒక గ్రంథిలా రక్తంలోకి హార్మోన్లు వదులుతుంది. వాటిలో లెప్టిన్ కడుపు నిండిందని మెదడుకు కబురు చెబుతుంది. అడిపోనెక్టిన్ ఇన్సులిన్‌కు తోడుగా నిలిచి, ఒంట్లో కంటికి కనపడని వాపును అణచి ఉంచుతుంది. పొట్ట పెరిగేకొద్దీ ఈ రెండోది తగ్గి, వాపు పుట్టించే పదార్థాలు ఎక్కువవుతాయి. పైకి జ్వరం లేదు, నొప్పి లేదు. నివురు గప్పిన నిప్పు. అది రక్తనాళాలను పాడుచేస్తుంది, ఇన్సులిన్‌ను పనిచేయనివ్వదు. షుగరు ముదిరితే కాలికి స్పర్శ పోతుంది, పుండు మానదు. ఇదంతా శిక్షణ తరగతిలో విని, నోటుబుక్కులో గీత గీసి మరీ రాసుకున్నవాణ్ని నేను.

పాదం పోతే మగ్గం పోయినట్టే. తిమ్మప్పకు వేరే పని తెలియదు, మగ్గం మీద చీర సగంలో ఉంది. పెద్దాసుపత్రిలో చేర్పించాను. ఇన్సులిన్ మొదలుపెట్టి, రెండో వేలు తీసేసి, పాదం నిలబెట్టారు. నేను మళ్లీ అదే వాడకు వెళ్లి, వదిలేసినవారందరికీ టేపు పెట్టించాను. ఆశా కార్యకర్తలు మగ్గం దగ్గరే పిడికిలి పడుతోందా అని అడగడం మొదలుపెట్టారు. బరువు యంత్రం కన్నా ఆ ప్రశ్నే ఎక్కువమందిని క్లినిక్‌కు తెచ్చింది.

ఐదు నెలల తర్వాత తిమ్మప్ప ఇంటికి వెళ్లాను. నాలుగు వేళ్ల కాలితో కర్ర తొక్కుతున్నాడు. నేతకు నూలు కండెలు చుట్టుతున్న ఈరమ్మ లేచొచ్చి, కట్టెకూ ఆయన పొట్టకూ నడుమ తన పిడికిలి దూర్చి చూపించింది. పట్టింది. ఎంత సంతోషమైందో చెప్పలేను.

"జర మీరు గూసోండ్రి సారూ," అంది నవ్వుతూ. కూర్చున్నాను. కట్టె నా పొట్టకు ఆనింది.

మర్నాడు నా వేలి నుంచీ చుక్క రక్తం తీయించుకున్నాను. అప్పటి నుంచి రోజూ పొద్దున షుగరు మాత్ర వేసుకుంటున్నాను, వేసుకున్నప్పుడల్లా ఆ ఇల్లాలిని తలచుకుంటాను. ఆమె చెప్పకపోతే తిమ్మప్ప పాదం దక్కేది కాదు, నా జబ్బు నాకు తెలిసేది కాదు. నేర్చుకున్నది ఒక్కటే: యంత్రం బరువెంతో చెబుతుంది, అది ఒంట్లో ఎక్కడ చేరిందో చెప్పదు. కొలవకుండా "సాధారణం" అని ఆ తర్వాత ఏ కార్డు మీదా రాయలేదు.