లోహపు తలుపు

చెప్పుల కొట్లకు అట్టపెట్టెలు చేసే కార్ఖానాలో ఆమెను అందరూ టిక్కమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది పక్కనే కూర్చుని మూతలకు జిగురు రాసే పెద్దక్క. ఆమె పనిలో చేరిన కొత్తలో, మధ్యాహ్నం భోజనాల దగ్గర పెద్దక్క చెవులు రిక్కించి, "ఎవరి గడియారమే అది, అంత గట్టిగా కొట్టుకుంటోంది?" అని అడిగింది. ఎవరి చేతికీ గడియారం లేదు.

"నాదే అక్కా. లోపలుంది," అని ఆమె గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన జ్వరం కీళ్లలోకి పాకింది. ఎదిగే పిల్ల, నొప్పులు మామూలే అనుకున్నారు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఒక్క అంతస్తు మెట్లెక్కితే ఆయాసంతో కూలబడేది. ఆ పాత జ్వరం వల్లే గుండెలో రక్తాన్ని ఒకవైపుకే వదిలే తలుపులాంటి వాల్వు గట్టిపడిపోయిందని, తీసి వేరేది పెట్టాలని డాక్టర్లు చెప్పారు.

తల్లి లేని పిల్ల. తండ్రి లేతు మిషను మీద ఇనుము చెక్కే పనివాడు. ఆపరేషన్ చేసే డాక్టరు ఆయన్ని గదిలోకి పిలిచి రెండు రకాలున్నాయన్నాడు. జంతువు కణజాలంతో చేసినదైతే పది పదిహేనేళ్లకు అరిగిపోతుంది, మళ్లీ మార్చాలి. లోహంతో చేసినదైతే చాలాకాలం నిలుస్తుంది. కాకపోతే దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి, రేపు కడుపు పండితే ఆ మాత్రతోనే చిక్కు. తండ్రికి ఆ చివరి ముక్క చెవికెక్కలేదు. పిల్ల రొమ్మును మళ్లీ కోస్తారన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"లోహమే పెట్టండి సార్. అది నాకు తెలిసిన సరుకు," అన్నాడు. కూతురు అప్పుడు పక్క వార్డులో మేలుకునే ఉంది.

పెళ్లిచూపుల్లోనే అన్నీ చెప్పేశారు. పెళ్లికొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నోట్లో నాలుక లేని మనిషి. అతని తల్లి మాత్రం, "పిల్లలు లేకపోతే ఏమైంది, ముందు నా కొడుకునే పెంచాలి నువ్వు," అని నవ్వేసింది. రెండు గదుల ఇంట్లో ముగ్గురూ సర్దుకున్నారు. నాలుగేళ్లు సాఫీగానే సాగాయి. పిల్లలు వద్దని ఎవరూ అనలేదు, కావాలనీ అనలేదు. ఆ ఊసెత్తింది ఆమే. అట్టలు మడుస్తూ మడుస్తూ ఉండగా చంటిపిల్లల చెప్పులకు చేసే పెట్టె చేతికొస్తే, ఆ పూట ఆమె పని కాస్త నెమ్మదించేది.

మొగుడిని వెంటబెట్టుకుని గుండె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. డాక్టరమ్మ దాపరికం లేని మనిషి.

"నన్నడిగితే వద్దంటాను. ఇప్పుడు మీరు వేసుకునే మాత్ర బిడ్డ దాకా వెళ్తుంది. మొదటి నెలల్లో అవయవాలు సరిగ్గా ఏర్పడకపోవచ్చు. తర్వాత కూడా బిడ్డలో రక్తస్రావం కావచ్చు. మాత్ర మానేసి ఇంజెక్షన్లకు మారితే ఆ మందు బిడ్డను తాకదు. కానీ మీ వాల్వును మాత్ర కాపాడినంతగా అది కాపాడలేదు."

"ఇద్దరం బాగుండే దారి లేదా మేడమ్?"

"పూర్తిగా భద్రమైనది లేదమ్మా. ఉంటే ముందు అదే చెప్పేదాన్ని. అయినా మీరు సిద్ధపడితే మాత్రం నాకు చెప్పకుండా అడుగెయ్యొద్దు."

తిరిగొచ్చాక మొగుడు ఇంటి మెట్ల దగ్గర ఆగి, "నాకు నువ్వుంటే చాలు," అన్నాడు.

"నాకు చాలట్లేదండీ," అంది ఆమె. అన్న తర్వాత ఆ మాట అతనికెలా తగిలిందో చూసి నొచ్చుకుంది గానీ, వెనక్కి తీసుకోలేదు.

కడుపుతో ఉందని తెలిసిన రోజే మాత్ర ఆపి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పొద్దునొకటి, సాయంత్రమొకటి, పొట్ట చర్మంలోకి. లిఫ్టు తీగలు పట్టి పట్టి మొద్దుబారిన చేతులతో అతనే సూది వేసేవాడు. అత్తగారు గోడవైపు తిరిగి కూర్చునేది. మందు సరిపోతోందో లేదో చూడడానికి తరచూ రక్తం తీసేవాళ్లు. ఆమె చేతుల నిండా నల్లటి కమిలిన మచ్చలు.

ఆ మచ్చలు పెద్దక్క కంట్లో పడ్డాయి. ఒక సాయంత్రం ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన మొగుడిని గేటు దగ్గర నలుగురు ఆడవాళ్లు చుట్టుముట్టారు.

"ఏం బాబూ, నిజం చెప్పు. ఏం చేస్తున్నావు దాన్ని?"

అతను కంగారుపడి, "పొడుస్తున్నానక్కా, రోజుకు రెండుసార్లు," అన్నాడు.

జిగురు కుంచె పైకి లేచింది. ఈలోగా ఆమె పరుగున వచ్చి అడ్డం పడింది. నవ్వు ఆపుకోలేక, చెప్పాల్సిన కబురు చెప్పడానికి చాలాసేపు పట్టింది. కడుపు సంగతి కార్ఖానాకు అలా తెలిసింది. మర్నాటి నుంచి బరువైన అట్టల కట్టలు ఆమె దగ్గరికి రానివ్వలేదు.

నాలుగో నెలలో డాక్టరమ్మ, "ఇక మాత్రకు వెళ్దాం. మీ వాల్వు కోసం చెబుతున్నాను," అంది.

"దానివల్ల ఇప్పుడు బిడ్డకేం కాదా?"

"ఏమీ కాదని చెప్పలేను."

"అయితే సూదులే ఉంచండి. తను బయటికొచ్చాక నా సంగతి చూసుకుంటాను."

డాక్టరమ్మ మళ్లీ నచ్చజెప్పింది. మొగుడు బతిమాలాడు. ఆమె వినలేదు. ఒక్క సూది తప్పలేదు, ఒక్క పరీక్ష మానలేదు. కడుపులో కదలిక తెలిసిన రోజున అత్తగారి చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. "ఇదుగో అత్తయ్యా, తంతోంది."

ఐదో నెల చివర ఒక పొద్దున మెట్లు దిగుతుంటేనే ఊపిరి అందలేదు. కడుపుతో ఉన్నవాళ్లకు ఆయాసం ఉండేదే కదా అనుకుని పనికి వెళ్లింది. మధ్యాహ్నానికి కరెంటు పోయింది. అట్టలు కోసే మిషన్లన్నీ ఆగి హాలు నిశ్శబ్దమైపోయింది. పక్కన కూర్చున్న పెద్దక్క జిగురు రాస్తూ రాస్తూ చెయ్యి ఆపింది.

"ఏమే, ఇవాళ నీ చప్పుడు వినబడదేం?"

ఆమె కూడా విన్నది. ఎప్పుడూ టక్కుమని తెగి పడే చప్పుడు, గుడ్డ కప్పినట్టు మందంగా, లోపలెక్కడో ఉంది.

పెద్దక్క వెంటనే ఆటో పిలిచింది.

వాల్వుకున్న రెండు రెక్కల్లో ఒకటి కదలడం లేదని స్కానులో తేలింది. రక్తం గడ్డకట్టి దాన్ని పట్టేసింది. ఆపరేషన్ చేస్తే ఈ స్థితిలో బిడ్డ నిలిచే ఆశ తక్కువ. గడ్డను కరిగించే మందు ఎక్కిస్తే తల్లికో బిడ్డకో ఎక్కడైనా రక్తం పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెకు మాట్లాడే ఊపిరి లేదు. మొగుడు ఆమె వైపు చూశాడు. ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కళ్లతోనే మందు సీసా చూపించింది.

మందు పనిచేసింది. సాయంత్రానికి రెక్క కదిలింది, చప్పుడు తిరిగొచ్చింది. మొగుడు వరండాలో కూలబడి ఏడ్చాడు. కానీ మర్నాడు ఆమెకు కింద రక్తం కనబడింది. ఆ మరుసటి పొద్దుటికి బిడ్డ గుండె ఆగిపోయింది.

ఆడపిల్ల. నర్సు తెల్లగుడ్డలో చుట్టి, "చూస్తారా అమ్మా?" అని మెల్లగా అడిగింది. ఆమె తీసుకుని, మొదట పాదాలే చూసింది. ఎంతసేపు పట్టుకుందో ఎవరూ అడగలేదు, ఎవరూ తొందరపెట్టలేదు.

ఇంటికొచ్చిన వారానికి తండ్రి వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని అరచేతుల్లో ఇరుక్కుపోయిన ఇనుప మరకలు గోకుతూ, "ఆ రోజు నేను వేరేది పెట్టమని ఉంటే..." అన్నాడు.

"వేరేదైతే ఈపాటికి అరిగేదేమో నాన్నా. ఎవరికి తెలుసు."

"నీ ప్రాణం గట్టిగా ఉండాలనే అనుకున్నానమ్మా."

"తెలుసు," అంది. "కానీ నన్నడగాల్సింది. గోడ అవతలే ఉన్నాను కదా. అడిగితే నేనూ అదే చెప్పేదాన్నేమో. అయినా అడగాల్సింది."

తండ్రి తల ఊపాడు. ఆమె ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చే శక్తి ఆ పూట లేదు. మాత్రకు వెళ్లమని డాక్టరమ్మ చెప్పినప్పుడు తానే వద్దన్న సంగతి ఆమె ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇంట్లో ఎవరూ గుర్తుచేయలేదు.

మళ్లీ ప్రయత్నించొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఈసారి ఆమె ఎదురు చెప్పలేదు. పనికి తిరిగి వెళ్లింది. చిన్న సైజు పెట్టెల పని తన వంతుకు రాకుండా పెద్దక్క చూస్తోందని గ్రహించి, కొన్నాళ్లు ఊరుకుంది. తర్వాత తనే వెళ్లి ఆ అట్టలు తెచ్చుకుని మడవడం మొదలుపెట్టింది. మొగుడు సాయంత్రాలు ఇంకా ముందే ఇంటికొచ్చేవాడు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు గానీ, ఒకరిని విడిచి ఒకరు పక్కగదిలో కూడా కూర్చునేవారు కాదు.

మూడేళ్ల తర్వాత పరీక్షకు వెళ్లినప్పుడు, ఆసుపత్రి బెంచీ మీద పక్కన ఒక పల్చటి అమ్మాయి తల్లితో కూర్చుని ఉంది. వాల్వు మార్చాలట.

"అక్కా, మీకు చేశారా? మీకు పిల్లలున్నారా?" అని అడిగిందా అమ్మాయి.

తల్లి కసిరింది. ఆమె పరవాలేదన్నట్టు చెయ్యి ఊపింది.

"ఒక పాప. ఐదు నెలలు నా దగ్గరుంది," అంది. అమ్మాయికి అర్థమై తల దించుకుంది.

"నిన్ను భయపెట్టడానికి కాదు. పిల్లలు పుట్టినవాళ్లనీ ఇక్కడే చూశాను. ఏ వాల్వు పెడతారో మాట్లాడేటప్పుడు నువ్వూ లోపల కూర్చో. పిల్లల సంగతి నువ్వే అడుగు. సిగ్గుపడకు."

లోపలి నుంచి పిలుపు వచ్చింది. తల్లి లేచి, కూతురిని అక్కడే కూర్చోమన్నట్టు భుజం నొక్కింది. అమ్మాయి ఒక్క క్షణం తటపటాయించి, లేచి తల్లి వెనకే గదిలోకి వెళ్లింది.