సున్నా పక్కన రాయని వాక్యం

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరూ ‘అంటే అక్క’ అనేవాళ్ళు. మేము డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. దాన్ని ఎలా వాడాలో వివరించే పేజీలు రాయడం అక్క పని. ఇంజనీర్లు వచ్చి నోటికొచ్చినట్టు ఏదో చెప్పేవాళ్ళు. అక్క కళ్ళజోడు పైకి తోసుకుని “అంటే?” అనేది. వాళ్ళు ఇంకోలా చెప్పేవాళ్ళు. మళ్ళీ “అంటే?” అనేది. ఆఖరికి తాము తయారుచేసిందేమిటో వాళ్ళకే తెలిసివచ్చేది. ఆవిడ వస్తోందంటే కొందరు టీ మిషన్ వెనక్కి తప్పుకునేవాళ్ళు. నాకు వాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. తెలియనివాళ్ళ తరఫున అడిగే మనిషి ఆ ఆఫీసు మొత్తానికీ ఆవిడొక్కతే.

డేటాబేస్‌ని మనం అడిగే ప్రతి ప్రశ్ననీ క్వెరీ అంటారు. జవాబు రావడానికి ఎక్కువసేపు పట్టిన క్వెరీలు లాగ్ అనే ఫైల్లోకి ఎక్కుతుంటాయి. ఎంతసేపు దాటితే ఎక్కించాలో మనమే ఒక అంకె వేసి చెప్పాలి. ఆ అంకె గురించిన పేజీ రాస్తున్నప్పుడు, “సున్నా పెడితే?” అని అక్క అడిగింది.

“సున్నా అంటే సున్నానే కదమ్మా! ఇది కూడా విడమరిచి చెప్పాలా?” అన్నాడు ఆ భాగాన్ని తయారుచేసిన పెద్ద ఇంజనీరు.

గదంతా గొల్లున నవ్వింది. అక్క కూడా నవ్వేసింది. నిండా సిగ్గుపడి నవ్విన నవ్వది. ఆ ఒక్కసారి “అంటే?” అనలేదు. ‘సున్నా గానీ, మైనస్ ఒకటి గానీ కూడా ఇవ్వవచ్చు’ అని రాసి ఊరుకుంది. ఏది ఇస్తే ఏమవుతుందో రాయలేదు.

అక్కకి ఒక తమ్ముడున్నాడు. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచింది అక్కే. రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్లు చూసుకునేవాడు. నెమ్మదస్తుడు. ఏదైనా రెండుసార్లు చదివి గానీ ముట్టుకోడు. అలా చదవడం చిన్నప్పుడు అక్క నేర్పిందే. రెండోసారి చదివాక మాత్రం ఇక ఎవరినీ అడిగేవాడు కాదు, తన మీద తనకు అంత నమ్మకం.

ల్యాబులో ఉన్నది మా డేటాబేసే. లాగ్ ఫైలు ఊరికే పెరిగిపోతోందని, ఆపేద్దామని మా పేజీ తెరిచాడు. రెండుసార్లు చదివాడు. సున్నా పెట్టాడు. ఫ్యాను రెగ్యులేటరు మీద సున్నా అంటే ఆగిపోవడమే కదా, ఎవరైనా అదే చేస్తారు. మా దగ్గర మాత్రం సున్నా పెడితే, సున్నా కన్నా కాస్త ఎక్కువసేపు పట్టినవన్నీ, అంటే మొత్తం క్వెరీలన్నీ లాగ్‌లోకి ఎక్కుతాయి. ఆపాలంటే మైనస్ ఒకటి పెట్టాలి. మర్నాడు పొద్దునకల్లా డిస్కు నిండిపోయి సర్వరు ఆగిపోయింది. పరగడుపున రక్తమివ్వడానికి వచ్చినవాళ్ళు తిట్టుకుంటూ కూర్చున్నారు. యజమాని వాళ్ళందరి ముందే తమ్ముణ్ణి కడిగేశాడు.

తమ్ముడు అక్కకి ఫోన్ చేసినప్పుడు నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

“పేజీ చదివే చేశావా?” అంది అక్క. అవతలి మాట విని, “లోకమంతా మా పేజీలు చదివి పని చేసుకుంటోంది కదరా! నీకొక్కడికే ఎందుకు అర్థం కాలేదు? కాస్త బుర్ర పెట్టి చదవాలి” అని కసిరింది.

ఫోన్ పెట్టేసి, ఏ పేజీయో చూద్దామని తెరిచింది. చదివింది. మొహం పాలిపోయింది. “ఇది నేను రాసిందే” అంది. మా పేజీల మీద రాసినవాళ్ళ పేరుండదు కాబట్టి తమ్ముడికి ఆ సంగతి తెలియదు.

“ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్యండక్కా” అన్నాను.

“చెప్తాను. ముందు సరిచేసి, అది చూపించి చెప్తాను.”

ఉత్త చేతులతో తప్పు ఒప్పుకోవడం ఆవిడకి చేతకాలేదు. మా దగ్గర ఒక వాక్యం మారాలంటే ఇంజనీరు ఒప్పుకోవాలి, తర్వాతి వెర్షన్ దాకా ఆగాలి. ఈలోగా తమ్ముడు ఉద్యోగం మానేశాడు. యజమాని పొమ్మనలేదు. “నాకీ పని చేసే బుర్ర లేదక్కా” అని తనే మానేసి రంగుల దుకాణంలో చేరాడు. అప్పుడైనా అక్క నోరు విప్పాల్సింది. విప్పలేదు. నాకు ఆవిడంటే ఎంత గౌరవమున్నా ఈ ఒక్క విషయంలో సర్దిచెప్పుకోలేను.

చివరికి పేజీ మారింది. ‘సున్నా పెడితే లాగ్ ఆగదు. ప్రతి క్వెరీ నమోదై డిస్కు నిండిపోవచ్చు. ఆపడానికి మైనస్ ఒకటి పెట్టండి.’ చేతులు కాలాక పట్టుకున్న ఆకులవి. అక్క ఆ పేజీని ఫోన్‌లో తెరుచుకుని దుకాణానికి బయల్దేరింది. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను.

తమ్ముడు రబ్బరు సుత్తితో డబ్బా మూత బిగిస్తున్నాడు. చేతులు తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. అలవాటుగా రెండుసార్లు చదివాడు. మొహం విప్పారింది.

“ఇలా ఉంటే నాకూ అర్థమయ్యేదే అక్కా! ఎవరు రాశారో గానీ వాళ్ళకో దండం.”

“నేనేరా.” అంది అక్క. “మొదట రాసిందీ నేనే. తప్పు నాది. నీ ఫోన్ వచ్చిన రోజే చూసుకున్నాను.”

కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

“ఆ రోజే తెలుసా?”

అక్క తలూపింది.

“పేజీదేముందిలే, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. బుర్ర లేదని నేను ఏడుస్తుంటే, కాదురా అని ఒక్క మాట అనాల్సింది కదక్కా.”

అంతలో కౌంటరు దగ్గరికి ఎవరో రంగు కోసం వచ్చారు. తమ్ముడు వాళ్ళ చీటీ తీసుకుని షేడు నంబరు చదివాడు. మళ్ళీ చదివాడు. రంగులు కలిపే మిషన్ దాకా వెళ్ళి ఆగి, పక్కనున్న పనివాణ్ణి పిలిచి చీటీ చేతికిచ్చాడు.

“నేను సరిగ్గానే చదివానా? కాస్త చూసిపెట్టవా?”