ఉత్తరం గోడ మీద తొకుజో కిమోనో

మా కిర్యూ ఊళ్ళో చలికాలపు గాలి కొండల మీంచి దిగిందంటే ముల్లంగి ముక్కలు పొద్దున ఎండేస్తే సాయంత్రానికి తోలు ముక్కలైపోతాయి. ఉతికిన బట్ట పిండి వెదురు మీద వేసి, పక్కింటావిడతో నాలుగు మాటలాడి ఇటు తిరిగేలోపు ఆరిపోయి ఉంటుంది. అలాంటి గాలిలో తొకుజో కిమోనో ఆరలేదు. ఎందుకు ఆరలేదో చెప్పాలంటే ముందు అతని భార్య హత్సుయో సంగతి చెప్పాలి.

లావు గోధుమ సేమ్యా వండి అమ్మే మా ఉడోన్ అంగడికి ఎదురిల్లు ఆమెది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు కొండ మీది పల్లె నుంచి కుట్టుపని నేర్చుకోడానికి వచ్చి, మా వీధిలోనే ఉండిపోయింది. మొదటి ఏడాదంతా గురువమ్మ ఆమె చేత ఒక్క బట్ట కూడా కుట్టించలేదు. పాత గుడ్డ మీద ఉత్త కుట్లు వేయించేది, విప్పించేది, మళ్ళీ వేయించేది. మోకాళ్ళ మీద కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కితే కుంటుకుంటూ మా వంటింటికి వచ్చేది.

"పెద్దమ్మా, ఈ కాళ్ళు నావి కావు. ఎవరివో తెచ్చి నాకు తగిలించారు" అనేది.

"ఎవరివైనా సరే, నా పిండి మీద పెట్టకు" అనేదాన్ని.

పెద్దయ్యాక ఆమె చెయ్యి పడని పెళ్ళి లేదు. పెళ్ళికూతుళ్ళ పొడుగు చేతుల కిమోనోలు, పెళ్ళికొడుకుల నల్ల కిమోనోలు, వాటి మీద మగవాళ్ళు కట్టుకునే మడతల హకామా, అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. ఆమె కుట్టిన బట్టను తిరగేసి చూస్తే లోపలి వైపు కూడా బయటి వైపులాగే ఉంటుంది. చూశాను కాబట్టే చెబుతున్నాను. ఎవరింటికి వెళ్ళినా అంచు తిరగేసి చూడందే నాకు తోచదు.

తొకుజో అద్దకం పనివాడు. రంగు వేసిన పట్టు తానులు నదిలో జాడించడం అతని పని. గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోయేంత మనిషి, మోచేతుల దాకా నీలం. పెళ్ళైన కొత్తలో అతని కొలతలు తీసుకుంటూ హత్సుయో విసుక్కుంది. "ఇంత మనిషికి ఒక తాను ఎలా సరిపోతుంది? చేతులైనా కొయ్యాలి, కాళ్ళైనా కొయ్యాలి."

"తల కొయ్యి. దానితో ఎలాగూ పని లేదంటావు కదా" అన్నాడు అతను.

పిల్లలు లేరు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. నేను ఎత్తినా నవ్వి ఊరుకునేవాళ్ళు.

యుద్ధం ముగిసి పదేళ్ళు దాటాక ఒక చలికాలం, నడుం లోతు నీళ్ళలో రోజంతా నిలబడి ఇంటికొచ్చిన తొకుజో వణుకుతూ పడుకున్నాడు. ఛాతీకి నెమ్ము పట్టింది. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. వారం తిరక్కుండా పోయాడు.

పోయినవాళ్ళకు తొడిగే తెల్లబట్ట ఇంటి ఆడవాళ్ళూ ఇరుగుపొరుగూ కలిసి కుట్టాలి. హత్సుయో ఇంట్లో చుట్టూ కూర్చున్నాం. కత్తెర ముట్టుకోకుండా గుడ్డను చేత్తోనే చించాం. మిఠాయి అంగడి ఉమెనోకి నోరు మూసుకుని ఏ పనీ చేయడం రాదు.

"దారం కొసకు ముడెయ్యకండర్రా" అంటూనే ఉంది. "కుట్టి అలాగే వదిలేయండి. ముడేస్తే వెళ్ళేవాడికి తగులుకుంటుంది, ఇక్కడే చిక్కుకుపోతాడు."

"నీ నోటికి వెయ్యాలి ముడి" అన్నాను.

మెడ పట్టీ తనే కుడతానంది హత్సుయో. ఎవరమూ కాదనలేదు. ఆమె చేతి వైపు ఎవరమూ చూడలేదు కూడా. ఆమె కుట్టును తనిఖీ చేసేవాళ్ళు ఆ వీధిలో ఎవరున్నారు?

దహనం అయ్యాక తొకుజో రోజూ తొడుక్కునే ముదురు నీలం కిమోనోను ఇంటి పక్క సందులో ఉత్తరం వైపు గోడకు వేలాడదీశారు. చేతుల్లోంచి వెదురు కర్ర దూర్చితే అది అచ్చం రెండు చేతులూ చాపి నిలబడ్డ మనిషిలా ఉంది. కింద నీళ్ళ బకెట్టు, గరిటె. పోయినవాడి దారిలో నిప్పు ఉంటుందట, ఇక్కడ పోసిన నీళ్ళు అక్కడ చల్లగా తగులుతాయట. అందుకని ఆ దారిన పోయేవాళ్ళంతా తలో గరిటెడు పోసేవాళ్ళం. నలభై తొమ్మిదో రోజు దాకా దాన్ని ఆరనివ్వకూడదు. ఆ రోజు బుద్ధుడి గుడి నుంచి స్వామివారు వచ్చి మంత్రాలు చదివారు. బకెట్టు బోర్లించాం. ఇక ఆరితే తీసి మడిచి దాచడమే.

ఆరలేదు.

మొదట హత్సుయోనే చాటుగా నీళ్ళు పోస్తోందనుకున్నాను. మా మేడ మీది కిటికీలోంచి ఆ గోడ కనబడుతుంది. పొద్దుటి నుంచీ ఉడోన్ పిండి అక్కడే కూర్చుని కలిపాను. ఎవరూ రాలేదు. గాలికి మా చూరు పెంకులే లేచిపోతున్నాయి, ఆ కిమోనో అంచు నుంచి మాత్రం బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. ఉండబట్టలేక మా ఆయన పాత కిమోనో తడిపి తీసుకెళ్ళి దాని పక్కనే వేలాడదీశాను. టీ తాగి వచ్చేసరికి అది చెక్కలా బిగుసుకుని ఉంది. తొకుజోది పిండితే గిన్నెడు నీళ్ళు వచ్చాయి. నది వాసన వచ్చింది.

అంతకంటే నాకు మింగుడుపడనిది హత్సుయో ముఖం. మొగుడు పోయిన మనిషి ముఖం కాదది. బుగ్గల్లో రంగు వచ్చింది. ఇంటికి వెళితే కుంపటి దగ్గర రెండు టీ గిన్నెలు.

"ఎవరొచ్చారే?"

"ఎవరొస్తారు పెద్దమ్మా, మీరే వచ్చారు."

"నేనిప్పుడేగా వచ్చాను. ఆ గిన్నె నాకంటే ముందే వచ్చింది."

నవ్వింది. కుంపటికి అవతల చాప నల్లగా తడిసి ఉంది. మనిషి కూర్చున్నంత మేర.

స్వామివారిని అడిగితే, ఇంటి కప్పు కారుతోందేమో చూసుకోమన్నారు. వాన పడి నెల దాటింది.

రోజులు గడిచేకొద్దీ ఆమె బుగ్గల్లోని ఆ రంగు పోయింది. కుట్టు పని తీసుకోవడం మానేసింది. బొగ్గులు మాత్రం బుట్టలకు బుట్టలు తెప్పించేది. ఒక పొద్దున ముల్లంగి పచ్చడి పట్టుకుని తలుపు తీయించాను. ఆమెను చూడగానే గిన్నె నా చేతిలోంచి జారిపోయింది.

ఆమె కిమోనో కుడి పక్క పైకి వేసుకుని ఉంది. ఆడైనా మగైనా బతికున్నవాళ్ళు ఎడమ పక్కనే పైకి వేసుకుంటారు. కుడి పక్క పైకి వచ్చేది పోయినప్పుడు ఒక్కసారే, అదీ మనం వేసుకోం, ఇంకెవరో వేస్తారు. సగం ఊరికి బట్టలు కుట్టిన మనిషి అది.

"ఏం వేషమే ఇది? విప్పు ముందు!"

నడికట్టు నేనే లాగి, పక్కలు మార్చి, గట్టిగా బిగించాను. ఆమె ఒళ్ళు నదిలో రాయిలా ఉంది. పసిపిల్లలా నిలబడి కట్టించుకుంది.

"తెలిసే వేసుకున్నావా?"

"కట్టుకుంటుంటే ఇలాగే బాగుందనిపించింది పెద్దమ్మా."

కూలబడ్డాను. "హత్సుయో, ఆ తెల్లబట్టకు ముడి వేశావా?"

కుంపటిలో ఇంకో బొగ్గు వేసింది. "చెయ్యి అలవాటు కొద్దీ వేసిందని చెబుదామనుకున్నాను. అబద్ధం. కావాలనే వేశాను. మెడ పట్టీ లోపలి మడతలో."

"పోకుండా ఉంటాడనా?"

"ఊ."

"ఉన్నాడా?" అడగకుండా ఉండలేకపోయాను.

"ఉన్నాడు. మొదట్లో ఎంత బాగుందో! అక్కడే కూర్చుంటాడు. మాట్లాడడు, అంతే. కానీ వణుకుతున్నాడు పెద్దమ్మా. పడుకున్నప్పటి వణుకే. ఎన్ని బొగ్గులేసినా ఆగట్లేదు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కూర్చుని అదే వింటున్నాను. నేను వెళ్ళి దగ్గర కూర్చున్నా అతనికి వేడి తగలట్లేదు. ఇటు వైపు నుంచి తగలదేమో అనిపించింది. అందుకే..." తన కిమోనో మడత వైపు చూసుకుంది.

"అందుకని నువ్వూ అటు వెళ్ళి ఇద్దరూ కలిసి వణుకుతారా? పంపించవే వాణ్ణి. నీ మనిషేగా, చలికి వదిలేస్తావా?"

"ఎలా పంపను? ఆ ముడి బట్టతో పాటే కాలిపోయింది. కాలిన ముడిని ఎవరు విప్పుతారు?"

"గోడ మీద ఉన్నదానికీ నీ ముడులే కదా ఉన్నాయి. అవి విప్పు."

కిమోనోలో వంకర కత్తిరింపు ఉండదు, అన్నీ నిలువు ముక్కలే. కుట్లు విప్పి ముక్కలు కలిపితే మళ్ళీ తాను అవుతుంది. ఉతకడానికి ఎప్పుడూ చేసే పనే. కానీ తొకుజో కిమోనో విప్పితే గోడ మీద నిలబడ్డ ఆ మనిషి ఇక ఉండడు. అది ఆమెకు తెలుసు. అటు వైపు చూడకుండానే తల ఊపింది.

ఉమెనోను కేకేశాను. నీళ్ళోడుతున్న ఆ బట్టను చూసి ఆవిడ గడప దాటలేదు.

"నేను ముట్టుకోను తల్లీ, నాకు పిల్లలున్నారు."

"నీ పిల్లలకు మీసాలొచ్చి ఏళ్ళైంది. పట్టుకో ఆ కొస."

ముగ్గురం వెనక వసారాలో కూర్చున్నాం. చేతులు విప్పాం, అంచు విప్పాం, వెన్ను విప్పాం. ప్రతి కుట్టు చివరా హత్సుయో వేసిన చిన్న ముడి, ఆవగింజంత. వేళ్ళు కొయ్యబారిపోయాయి. చివరికి మెడ పట్టీ మిగిలింది. అది ఆమె చేతిలో పెట్టాను.

ఆమె విప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. అప్పటిదాకా హోరెత్తిన గాలి ఎందుకో నిలిచిపోయింది. లోపలి గదిలోంచి, కుంపటి ఉన్న వైపు నుంచి, పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. ఉమెనో నా చెయ్యి పట్టుకుంది. ఆవిడా విన్నదన్నమాట.

"వస్తున్నా, వస్తున్నా. ఒక్క నిమిషం ఓర్చుకో" అంది హత్సుయో. భోజనానికి తొందరపడే మొగుడితో అన్నట్టే అంది. సూది మొనతో ముడి కింద గుచ్చి పైకి లేపింది. దారం లాగేసింది.

చప్పుడు ఆగింది.

ముక్కలన్నీ కలిపి కుట్టి, ఉతికి, సముద్రపు నాచు గంజి పెట్టి చెక్కల మీద పరిచాం. పరుస్తుండగానే గాలి మళ్ళీ లేచింది. ఆఖరి చెక్క ఎత్తి నిలబెట్టేసరికి మొదటి చెక్క మీది బట్ట ఎండిపోయింది. గోటితో తట్టితే టప్పుమంది. నది వాసన లేదు. గంజి వాసన, ఎండ వాసన, అంతే.

సాయంత్రం హత్సుయో వీధి దాటి మా అంగడికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"పెద్దమ్మా, చాప ఆరిపోయింది."

"మంచిదే కదా."

"ఇంట్లో ఎవరూ లేరు" అంది, ఆ సంగతి అప్పుడే ఎవరో చెప్పినట్టు. "ఆ వణుకైనా వినబడేది. ఇప్పుడు ఏమీ లేదు. కాసేపు ఇక్కడ కూర్చోనా?"

వేడి పులుసులో ఉడోన్ వేసి ముందు పెట్టాను. తినలేదు. గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, అది చల్లారిపోయే దాకా ఎదురుగా ఉన్న తన ఇంటి వైపే చెవి పెట్టి కూర్చుంది. నేనూ విన్నాను. అక్కడ ఏ అలికిడీ లేదు.