నారపల్లి పెరుగుతో మజ్జిగ పులుసు

నా భార్య పరిశోధనలో ఒక అధ్యాయాన్ని నేను సొరకాయ ముక్కలతో కలిపి ఉడకబెట్టి, ఆవాలూ మెంతులూ ఎండుమిర్చితో పోపు పెట్టి, మా ఇన్‌చార్జికి వడ్డించాను. ఆయన మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

ముందే చెబుతున్నాను, ఇందులో నేను చివరికి తెలివైనవాడిగా తేలే మలుపేదీ లేదు. అలాంటి ఆశ ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగిలినవాళ్లు రండి, నాచారం వెళదాం.

అప్పటికి మాకు పెళ్లయి ఏడాది దాటింది. పారిశ్రామికవాడకు పోయే దారి వెనక సందులో, ఇంటివాళ్ల మీద అంతస్తులో రెండు గదుల్లో ఉండేవాళ్లం. నేను ఒక దినపత్రికలో జిల్లా పేజీలు దిద్దే ఉపసంపాదకుణ్ణి. ఆదివారం అనుబంధంలోకి మారడం నా జీవితాశయం. మా ఆవిడ మాధవి పొద్దున ఉప్పల్‌లో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం తార్నాక అవతల విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేది. నేను ఇల్లు చేరేసరికి ఆమె నిద్రలో, ఆమె బయల్దేరేసరికి నేను నిద్రలో. పెళ్లి ఫొటో చూసుకుని ఒకరినొకరు గుర్తుపట్టాల్సిన పరిస్థితి.

ఆమె అంశం ఇంటి పెరుగు. "పెరుగు మీద డాక్టరేటా, మరి మజ్జిగ మీద ఎవరు చేస్తున్నారు?" అని మా వైపు చుట్టాలు నవ్వితే, వాళ్లకంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేను. ఇవాళ్టి పెరుగులో నిన్నటి తోడు, నిన్నటి దానిలో మొన్నటి తోడు, అలా వెనక్కి పోతే ఎవరి ముత్తవ్వ వేసిన చుక్కో ఇంకా బతికే ఉంటుందని ఆమె చెప్పేది. ఆ చుక్క కోసం ఊరంతా తిరిగి తలుపులు కొట్టేది.

వాటన్నిటిలో అపురూపమైనది నారపల్లిలో దొరికింది. పొలాలు ప్లాట్లయిపోతున్న చోట ఒక పాత కుటుంబం. బయటి తోడు ఎన్నడూ ఎరగని కుండ. వాళ్లు బర్రెలను అమ్మేశారు, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ఆ కుండలో మిగిలిన చివరి పెరుగును ఒక డబ్బాలో పోయించుకుని, శనివారం సాయంత్రం చంటిబిడ్డను ఆస్పత్రి నుంచి తెచ్చినట్టు ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ప్రయోగశాల తెరిచేది సోమవారం. అందాకా మా ఫ్రిజ్‌లో, మల్లాపూర్ నుంచి ఒకటి, లాలాపేట్ నుంచి ఒకటి తెచ్చిన డబ్బాల పక్కన పెట్టింది.

"పై అరలోవి ముట్టుకోకండి," అని చెప్పింది. నేను పేపరు చదువుతున్నాను. పేపరు చదివే మొగుడికి చెప్పిన మాట, అచ్చుకు వెళ్లిపోయిన పేజీలో దిద్దుబాటు లాంటిది. చేశామన్న తృప్తే గాని చేరదు.

మర్నాడు ఆమె ఉప్పల్‌లో పరీక్ష డ్యూటీకి వెళ్లింది. మా ఇన్‌చార్జి రాజలింగం గారిని నేను భోజనానికి పిలిచాను. వరంగల్ వైపు మనిషి. ఆదివారం అనుబంధంలో ఒక ఖాళీ ఉంది, అది ఎవరికన్నది ఆయన చేతిలో ఉంది. నాకు వచ్చిన వంట మజ్జిగ పులుసు ఒక్కటే. పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచాను. పై అరలో మూడు డబ్బాలు. వాటి మీద తెల్ల టేపు, టేపు మీద ఇంగ్లిషు అక్షరాలు: ఎన్.పి., ఎమ్.పి., ఎల్.పి.

పొట్టి అక్షరాలు విప్పడం నా వృత్తి. ఎన్.పి. అంటే నిన్నటి పెరుగు. ఎమ్.పి. అంటే మొన్నటి పెరుగు. ఎల్.పి. దగ్గర కొంచెం తటపటాయించి, లేత పెరుగని తేల్చాను. ఉద్యోగం, చదువు రెండూ మోస్తూ కూడా పెరుగును వయసువారీగా సర్దిపెట్టిన ఇల్లాలు ఎవరికి దొరుకుతుంది? నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడే కింది నుంచి ఇంటావిడ యాదమ్మ ఆంటీ గిన్నెతో వచ్చింది.

"తమ్మీ, జర తోడుంటె ఇయ్యి. మా పోరగాళ్లు గిన్నె అడుగుదాక ఊడ్సిన్రు."

"రండి ఆంటీ. నిన్నటిది కావాలా, మొన్నటిదా?"

"పెరుగుల గూడ గిన్ని రకాలా? మీ ఆంధ్రోళ్ల కత వేరే ఉంటది. ఏదో ఒకటి ఇయ్యి, పాలు సల్లారుతున్నయ్."

ఏదో ఒక డబ్బాలోంచి ఒక చెంచా ఇచ్చాను. మిగతాదంతా, మూడు డబ్బాలూ, చిలికి పొయ్యి మీద పెట్టాను.

రాజలింగం గారు మొదటి ముద్దకే కళ్లు మూసుకున్నారు.

"ఏంది తమ్మీ ఇది? మా దిక్కు సల్లచారంటం. గీ రుచి మా అవ్వ చేతిల తిన్న, మళ్ల ఇయ్యాల్నే. పెరుగు ఏడికెల్లి తెచ్చినవ్?"

"మా ఇంట్లోదే సార్."

"మీ ఇంటామె చెయ్యి మంచిది."

ఆ చెయ్యి గల మనిషి అప్పుడే వచ్చింది. నవ్వుతూ ఆయనకు నమస్కారం పెట్టి, మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచింది.

"ఏవండీ, ఇక్కడి డబ్బాలు?"

"కడిగి బోర్లించాను," అన్నాను, మెచ్చుకుంటుందని.

"లోపలిది?"

రాజలింగం గారు పొట్ట నిమురుకుని నా తరఫున జవాబిచ్చారు. "కొంత ఈడ ఉంది తల్లీ, కొంత గిన్నెల ఉంది."

మాధవి అరవలేదు, ఏడవలేదు. వంటింటి స్టూలు మీద కూర్చుని, డాక్టరు రోగి బంధువును అడిగినట్టు అడిగింది.

"మరిగించారా?"

"ఒక పొంగు రానిచ్చాను. పచ్చివాసన ఉండకూడదు కదా."

"డబ్బాలు ఉత్త నీళ్లతోనే కడిగారా?"

"వేణ్ణీళ్లు. సబ్బు కూడా పెట్టాను."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు. నేను తొక్కాను, కడిగాను, ఎండలో ఆరబెట్టాను కూడా. సంగతి నాకు ఒక్కో ముక్కా అర్థమవుతూ వచ్చింది. అవి నిన్నలూ మొన్నలూ కావు, ఊళ్లు. అందులో ఒక ఊళ్లో ఆ కుండ ఇక లేదు.

రాజలింగం గారి చెయ్యి ముద్దతో గాలిలో ఆగిపోయింది. "తల్లీ, గిట్లనంటే నేను తిన్నదేంది?"

"మీకేం కాదండీ. మంచి పెరుగే. మళ్లీ దొరకనిది, అంతే." నా వైపు తిరిగింది. "ఎవరికైనా ఇచ్చారా? ఒక్క చెంచా అయినా?"

ఆ ప్రశ్న ఆమెకు ఎలా తట్టిందో నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. నేనైతే ఆ క్షణాన మా మామగారి ముఖం మాత్రమే ఊహించుకోగలుగుతున్నాను. "కింద ఆంటీకి తోడు," అంటుండగానే ఆమె మెట్లు దిగిపోయింది. నేనూ వెనకే దిగాను.

యాదమ్మ ఆంటీ గిన్నెకు తువ్వాలు చుట్టి మూల పెట్టింది. "కదిలియ్యకు బిడ్డా, ఇంక తోడుకోలే," అంది. మాధవి ఆ గిన్నె పక్కనే గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఏ డబ్బాలోంచి ఇచ్చారు?"

"గుర్తు లేదు."

"పోనీలెండి. తోడంటే అందుకే కదా. ఒకరింట్లో పోయినా ఇంకొకరింట్లో ఉంటుంది."

తిడితే బాగుండేది. తిట్టలేదు.

తర్వాతి వారం నన్ను ప్రయోగశాలకు తీసుకెళ్లి, సూక్ష్మదర్శిని మీద వంగమంది. వంగాను. ఊదారంగు పూసల దండలు, మధ్యమధ్య సన్నటి పుల్లలు, ఎక్కడ చూసినా అవే. పుట్టినప్పటి నుంచి నేను అన్నంలో కలుపుకుంటున్నది ఇంత జనాభానా? ఎవరో అవ్వ వేసిన చుక్క, గిన్నె నుంచి గిన్నెకు, ఇంటి నుంచి ఇంటికి, ఎవరికీ చెప్పకుండా నడిచి వచ్చిన దారి అది. పాలనూ నీళ్లనూ వేరు చేసే హంస ఉంటుందని విన్నాను. పెరుగునూ పెరుగునూ వేరు చేసే మనిషి నాతో కాపురం చేస్తోందని ఆ రోజే తెలిసింది.

ఆమె మల్లాపూర్, లాలాపేట్ పెరుగులు మళ్లీ తెచ్చి, వాటి పక్కన యాదమ్మ ఆంటీ పెరుగు పెట్టి పోల్చింది. ఆ రెంటిలోనూ లేని ఒక జీవి ఆంటీ పెరుగులో ఉంది. నారపల్లి బతికిందని నేను సందు చివరి నుంచి మిఠాయి కూడా తెచ్చాను. మాధవి మాత్రం మిఠాయి ముట్టకుండా కిందికి వెళ్లింది.

"ఆంటీ, ఆ రోజు మా తోడు ఒక్కటే వేశారా?"

"నీ మొగడు ఇచ్చింది చెంచాడు బిడ్డా. గన్ని పాలకు అదేం సరిపోతది? ఎదురింట్ల గింత అడిగి కలిపిన."

ఎదురింటివాళ్లు అప్పటికే గిన్నె కడిగేసి ఊరెళ్లిపోయారు. తిరిగొచ్చాక ప్యాకెట్ పెరుగుకు మారారు.

నా సంగతి అడుగుతారేమో. రాజలింగం గారు ఆ పులుసు రుచి మరిచిపోలేదు. నన్ను ఆదివారం అనుబంధంలోకి తీసుకుని, వంటల పేజీ అప్పగించారు.

కనుక పాఠకులారా, గ్యాస్ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తెల్లగా, చల్లగా, మూత పెట్టి ఉన్న ఏ పదార్థాన్నీ ఇకమీదట దాని యజమానురాలి లిఖితపూర్వక అనుమతి లేకుండా మరిగించను. ఎవరి పొట్టి అక్షరాలనూ నా సొంత తెలివితో విప్పను.

మాధవికి డాక్టరేట్ వచ్చింది. ఆ జీవి ప్రయోగశాల ఫ్రీజర్‌లో బతికే ఉంది. అది నారపల్లిదో, ఎదురింటిదో ఇంతవరకు తేలలేదు.