అర శ్రుతి దిగిన పియానో

ఆ సంగీత నాటక పాఠశాలలో నాలుగో గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. పాట సాధనకు వచ్చే పిల్లలు గుమ్మం దగ్గరికి చేరేసరికి రొప్పుతుంటారు. "రొప్పండి, పరవాలేదు. రేపు వేదిక మీద గెంతుతూ పాడమంటారు. అప్పుడు ఈ మెట్లే గుర్తొస్తాయి" అంటుంది లోపల పియానో ముందు కూర్చున్న మనిషి. ఆమెను పిల్లలందరూ పియానో పిన్ని అంటారు. ఇరవై ఆరేళ్లలో ఆమె అసలు పేరు అడిగినవాళ్లు తక్కువ.

ఆమె తండ్రి పియానోలు మోసే కూలీ. వాద్యాల దుకాణం తాలూకు గోదాములో పని. తల్లి లేని పిల్లలు కాబట్టి బడి వదలగానే పిన్ని, ఆమె తమ్ముడు అక్కడికే వచ్చేవారు. అమ్ముడుపోని పియానోల మీద ఆమె చేతికి తోచింది వాయించేది. తమ్ముడు మాత్రం వాటి వెనక చెక్క ఊడదీసి లోపల తీగలు లెక్కపెట్టేవాడు. పెద్దయ్యాక ఆమె వాయించే మనిషి అయింది, అతను శ్రుతి చేసే మనిషి అయ్యాడు. "నాన్న మోశాడు, తమ్ముడు వైద్యం చేస్తాడు, నేను పని చేయించుకుంటాను. మా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఆ చెక్కపెట్టే" అని చెప్పుకుంటుంది.

ఉద్యోగుల జాబితాలో ఆమె వాద్య సహాయకురాలు. పాఠం చెప్పే హోదా కాదు. అయినా బుధవారం మధ్యాహ్నం చివరి ఏడాది పిల్లలు ఆమె దగ్గర చేరతారు. కింది అంతస్తులో ఉపాధి విభాగం ఉంది. అక్కడి గుమాస్తా పిల్లలకు ఫోటోలు తీయిస్తాడు, వివరాల కాగితం రాయిస్తాడు, ఏ నాటక సంస్థ ఎప్పుడు ఎంపికలు పెడుతోందో బోర్డుకు అంటిస్తాడు. "ఆయన మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్తాడు. గుమ్మం దాటాక సంగతి నాది" అంటుంది పిన్ని.

గుమ్మం దాటాక ముందు చూడాల్సింది ఎంపిక చేసే పెద్దల్ని కాదట, పియానో దగ్గర కూర్చున్న మనిషిని. ఆ మనిషి మిమ్మల్ని ఎప్పుడూ చూసి ఉండడు, మీ పాట అప్పుడే చూస్తాడు. అందుకని పాట కాగితాలు గాలికి ఎగరకుండా గట్టి అట్టలో పెట్టి ఇవ్వాలి. పాట నడక ఎంత వేగమో మెల్లగా తొడ మీద తట్టి చూపాలి. చిటికెలు వేయకూడదు. "చిటికె వేసి కుక్కను పిలుస్తారు. ఆ గదిలో మీ పక్షాన ఉన్నది ఆ ఒక్క మనిషే. వాణ్ణి కుక్కను చేస్తే కరవడూ మరి?" అంటుంది. చెప్పి ఊరుకోదు, ఒక్కొక్కరినీ బయటికి పంపి మళ్లీ తలుపు తట్టి రమ్మంటుంది. తను కావాలనే మొహం ముడుచుకుని, తెలియని మనిషిలా కూర్చుంటుంది.

ఆ ఏడాది ఆమె ఆశలన్నీ ఈల అనే పిల్ల మీద ఉన్నాయి. బస్సు కండక్టరు కూతురు. చేరడానికి వచ్చిన రోజు పాట రాదని చెప్పి ఈల వేసి చూపించింది, అదే పేరైపోయింది. నాలుగేళ్లూ పిన్ని పక్కనే నిలబడి పాట నేర్చుకుంది. ఊరూరా తిరిగి సంగీత నాటకాలు ఆడే ఒక పెద్ద సంస్థ కొత్తవాళ్లను తీసుకుంటోందని తెలిసి దరఖాస్తు పెట్టింది. రెండేళ్ల ఒప్పందం, వారానికి ఎనిమిది ఆటలు. పాడాల్సిన పాట కాగితం సంస్థే పంపింది. పాట చివర ఒక పై స్వరం ఉంది, మేడ మీద మేడ కట్టినట్టు. ఈల దాన్ని రోజూ అవలీలగా అందుకునేది. "ఆ స్వరం నీ సొత్తే" అని పిన్ని రోజూ అనేది.

ఎంపికకు మూడు రోజులుందనగా నాలుగో గదికి వెల్ల వేస్తున్నారని ఇద్దరినీ పరీక్షల హాలుకు పొమ్మన్నారు. అక్కడ ఉన్నది కరెంటు కీబోర్డు. పాట మొదలైంది. చివరికొచ్చేసరికి ఈల గొంతు పుల్ల విరిగినట్టు విరిగింది.

"రాత్రి సరిగ్గా పడుకోలేదా?"

"పడుకున్నా పిన్నీ."

"చల్లనీళ్లు తాగావా?"

"లేదు."

"మరి ప్రేమలో పడ్డావా?"

"తీరికెక్కడిది పిన్నీ, పొద్దున్నుంచీ నీతోనే ఉంటుంటే."

మళ్లీ పాడింది. మళ్లీ విరిగింది. మూడోసారికి ఆ పిల్ల మొహం పాలిపోయింది. పిన్ని కీబోర్డు మీద ఒక్క మెట్టు నొక్కి, ఆ స్వరాన్నే నోటితో పట్టుకుని లేచింది. మ్మ్మ్ అంటూనే మెట్లెక్కింది. ఎదురొచ్చిన ప్రిన్సిపాల్ నమస్కారం పెడితే మ్మ్మ్ అంటూనే తలూపింది. సున్నం బకెట్లు దాటుకుంటూ నాలుగో గదిలోకి పోయి, పియానో మీద కప్పిన గుడ్డ ఎత్తి అదే మెట్టు నొక్కింది. నోట్లో ఉన్నదొకటి, పెట్టెలోంచి వచ్చింది ఇంకొకటి. అర శ్రుతి తక్కువ, సరిగ్గా ఒక మెట్టు కింద.

తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏరా, నా పియానోను ఏం చేశావు?"

"దాని తీగలు ముసలివైపోయాయి అక్కా. పూర్తిగా బిగిస్తే తెగుతాయి. అందుకే కాస్త దించాను."

"ఎప్పుడు?"

"ఒకసారి కాదు. ఆరు నెలలకొకసారి, కొంచెం కొంచెం. నాలుగేళ్ల నుంచీ. ఒకేసారి దించితే నువ్వు ఊరుకుంటావా, నా పీక మీద కూర్చోవూ?"

"నాకు చెప్పాలని తోచలేదా?"

"నీ చెవికి తెలుస్తుందనుకున్నాను అక్కా. నువ్వేమీ అనకపోతే, సరే ఒప్పుకుందనుకున్నాను."

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. తప్పు తమ్ముడిదని తిట్టడానికి లేదు. రోజూ ఆ ఒక్క పెట్టెతోనే కాపురం చేసింది. అది దిగుతుంటే దానితో పాటు తన చెవి కూడా దిగింది. ఇంట్లో గడియారం రోజుకింత ఆలస్యమవుతుంటే మనమూ దానితో పాటే ఆలస్యంగా నిద్ర లేస్తాం. రైలు తప్పిపోయాక గాని తెలియదు.

సంగతి విని గుమాస్తా మెత్తగా చెప్పాడు. "పిల్లకు ఇప్పుడేం చెప్పకండమ్మా. ధైర్యం పోతుంది. ఆవేశంలో పాడితే ఆ స్వరం అందొచ్చు కూడా. శ్రుతి తగ్గించమని అడిగితే మాత్రం పాట రానివాళ్ల కింద జమకడతారు."

పిన్ని ఆలోచించింది. చెప్పకపోతే ఈల అక్కడ నిలబడి విరుగుతుంది, జబ్బు తన గొంతులోనే ఉందని జీవితాంతం అనుకుంటుంది. చెబితే, ఇన్నాళ్లూ తను పొగిడిన పొగడ్త అబద్ధమని తేలుతుంది. పరీక్షల హాలుకు దిగివచ్చి ఈల పక్కన కూర్చుంది.

"నీ గొంతుకేం కాలేదు. నా పియానోయే దిగిపోయింది. ఆ పై స్వరం నువ్వు ఒక్కరోజూ పాడలేదమ్మా. దాని కింద మెట్టు పాడావు. నేను కనుక్కోలేదు. తప్పు నాది."

ఈల ఒక్కటే అడిగింది.

"కింద మెట్టు మాత్రం నిజంగా పాడానా?"

"రోజూ. జలుబులోనూ పాడావు, మీ నాన్న ఆసుపత్రిలో ఉన్న వారంలోనూ పాడావు. అది విరగదు."

"అయితే అదే పాడతాను. అడుగుతాను."

"తీసుకోకపోవచ్చు."

"వాళ్లు వద్దంటే వద్దననీ పిన్నీ. నేను మాత్రం లేనిది ఉందని చెప్పను."

పిన్ని ఆ సాయంత్రం పాటనంతా అర శ్రుతి దించి కొత్త కాగితాల మీద రాసింది. సంస్థ పంపిన కాగితం కూడా అట్టలోనే ఉంచింది, ఏదీ దాచినట్టు ఉండకూడదని.

ఎంపిక రోజు ఆమె కూడా వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చుంది. లోపలికి రానివ్వరు. తలుపు పాతది, సందుల్లోంచి మాటలు వినిపిస్తున్నాయి. ఈల అడుగులు ముందు పియానో వైపే వెళ్లాయి. తొడ మీద తట్టిన చప్పుడు వినబడలేదు గాని, తట్టే ఉంటుందని పిన్నికి తెలుసు.

"సార్, ఇది మీరు పంపిన కాగితం. ఇది అర శ్రుతి కింద రాసింది. నాకు కిందది కావాలి. మీకు ఇబ్బందా?"

వాయించే మనిషి జవాబు చెప్పేలోగా పెద్దల వైపు నుంచి ఒక ఆడగొంతు అడిగింది. "ఎందుకమ్మా? పైది రాదా?"

"రాదండీ. ఈ ఏటికి రాదు. కిందది మాత్రం రోజుకు రెండు ఆటలైనా వస్తుంది."

లోపల ఎవరో నవ్వారు. వెక్కిరింపు నవ్వో మెచ్చుకోలు నవ్వో పిన్నికి తెలియలేదు. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి, వేళ్లు మాత్రం పాట మొదటి పాదాన్ని మోకాళ్ల మీద వాయిస్తున్నాయి. పాట మొదలైంది. పాట చివరి స్వరం వచ్చింది. విరగలేదు. ఎంతసేపు నిలపాలో అంతసేపూ నిలిచి, పని ముగించుకుని ఇంటికి పోయే మనిషిలా నింపాదిగా దిగింది.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ప్రధాన పాత్ర ఇవ్వలేదు. బృందగానంలో తీసుకున్నారు, రెండో నాయిక పాడలేని రోజున ఆ పాత్ర కూడా ఈలదే. కింద ఒక వాక్యం చేత్తో రాసి ఉంది, ఆ ఆడగొంతు మనిషే రాసి ఉండాలి: ఏది వస్తుందో, ఏది రాదో తెలిసిన గాయని మాకు ప్రయాణంలో అవసరం.

గుమాస్తా ఆ ఉత్తరాన్ని బోర్డుకు అంటిస్తూ, "మొత్తానికి అడిగి గెలిచింది మీ పిల్ల" అన్నాడు.

"గెలిచిందని కాదండీ నా గర్వం. వద్దన్నా ఇంతే గర్వంగా ఉండేది" అంది పిన్ని. ఆ వెంటనే, నిజం చెప్పే పిల్లను తయారుచేసిన మనిషి తను కూడా నిజమే చెప్పాలనుకుందేమో, "కాకపోతే ఇంతగా నవ్వేదాన్ని కాదు" అంది.