చాటుమాటు వైద్యం

కత్తెర మామయ్య చెయ్యి వణుకుతోందని వీధిలో మగాళ్లందరికీ తెలుసు. ఆయనతో మాత్రం ఎవరూ అనలేదు. గడ్డాలు పెంచుకున్నారు. రిటైరైన హెడ్మాస్టరు పెంచాడు, మందుల షాపాయన పెంచాడు. జుట్టు కత్తిరించుకోవడానికి మామూలుగానే వచ్చేవారు. "గడ్డం కూడా చేసెయ్యనా?" అని మామయ్య కత్తి తీస్తే, "వద్దులే మామయ్యా, మా ఆవిడకి ఇలాగే నచ్చిందట" అంటూ కుర్చీలోంచి లేచిపోయేవారు. వీధిలో ఇంతమంది ఆడవాళ్లకి ఒక్కసారే ఒకే ముచ్చట ఎలా పుట్టిందో ఆయన ఊహించుకోగలడు. ఊహించుకుని, కత్తి కడిగి పెట్టేసేవాడు.

జుట్టుదేముంది, మెషీన్ పెట్టి ఎవడైనా దున్నేస్తాడు. ఒక మనిషి కళ్లు మూసుకుని గొంతు మన చేతికివ్వడమే అసలు పని అని ఆయన లెక్క. అది పోతే కొట్టు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే.

ఆయనకు ఎప్పటినుంచో ఆయాసం. దాన్ని వీధి చివరి డాక్టరమ్మ చూస్తుంది. ఛాతీలో పిల్లికూతలు మొదలైతే పీల్చుకోమని ఇన్‌హేలర్ ఇచ్చింది. చేతి సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె దగ్గరికి చేతులు జేబుల్లో పెట్టుకుని వెళ్లేవాడు. వణుకు కోసం పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆయనకు ఆయాసం సంగతి చెప్పలేదు.

ఎందుకంటే, మామయ్యకు తెలిసిన లోకం సెలూన్. ఇంకో కొట్టులో జుట్టు చేయించుకున్న తల తన కుర్చీలో కూర్చుంటే వెనకనుంచే పట్టేసేవాడు. "ఎవడు కొరికాడు నాయనా?" అనేవాడు. ఆ తలకు ఇక పాత మర్యాద దక్కేది కాదు. డాక్టర్లు మాత్రం మనుషులు కారా?

"దొంగకాపురం నడుపుతున్నట్టు ఏంటండీ ఈ తిరుగుడు? ఇద్దరికీ చెప్పేస్తే పోలా?" అంది భార్య.

"నీకు తెలీదు. వృత్తి మర్యాదని ఒకటుంటుంది."

"అలాగే. పోయాక, మర్యాదగా పోయాడంటార్లే."

నరాల డాక్టరు మాత్రతో చెయ్యి కాస్త నిలిచింది. పిల్లికూతలు మాత్రం ఎక్కువయ్యాయి. ఇన్‌హేలర్ ఎక్కువ పీల్చాడు. మళ్లీ చెయ్యి వణికింది. నరాల డాక్టరు మాత్ర మోతాదు పెంచాడు.

ఒకరోజు పొద్దున హెడ్మాస్టరు తల సగం అయ్యేసరికి మామయ్య ఊపిరందక నేలమీద కూలబడ్డాడు. హెడ్మాస్టరు మెడకు గుడ్డతో, సగం జుట్టుతో వీధి వెంట పరుగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె క్లినిక్కుకి చేర్పించి, మూతికి మాస్కు పెట్టి మందు పట్టించింది. ఊపిరి కాస్త కుదుటపడ్డాక మామయ్య భార్య మాత్రల అట్ట తెచ్చి బల్లమీద పడేసింది.

"ఇదిగోండి డాక్టరమ్మా, మీ సవతి ఇచ్చినవి."

డాక్టరమ్మ అట్ట తిప్పి చదివింది. "ఆయాసం మనిషికి ఇదెవరిచ్చారు? ఊపిరితిత్తులు బిగుసుకుపోవూ?" అని భార్యను అడిగి తెలుసుకుని, అప్పటికప్పుడు పెద్దాసుపత్రి నరాల డాక్టరుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"ఏ జబ్బూ లేదన్నాడు మేడమ్. ఏ మందూ వాడట్లేదన్నాడు" అన్నాడు నరాల డాక్టరు.

"నా దగ్గర జేబుల్లోంచి చేతులు తీస్తే కదా. తియ్యమని నేనూ అనలేదు."

"మీ మామూలు డాక్టరెవరని నేనూ అడగలేదు లెండి. ముందు ఆ మాత్ర ఆపించండి. ఇన్‌హేలర్ ఎంత పీలుస్తున్నాడు?"

"ఎంతేంటండీ, బీడీ కూడా అంత పీల్చరెవరూ" అంది భార్య.

"మరి వణకదా! ఆ వణుకు నరాలది కాదు మేడమ్, మీ మందుది."

"నా మందు అంత పీల్చింది మీ మాత్ర మూలంగా."

"సరే, చెరిసగం" అన్నాడు నరాల డాక్టరు.

"మీరూ మీరూ తగువు పడకండి" అన్నాడు మామయ్య మాస్కులోంచి.

"మీరు మాట్లాడకుండా పీల్చండి" అన్నారు ఇద్దరూ.

అప్పుడు ఇద్దరూ కూడబలుక్కున్నారు. పిల్లికూతలు అసలు రాకుండా రోజూ పీల్చే వేరే మందు డాక్టరమ్మ ఇస్తుంది. పాత ఇన్‌హేలర్ అవసరం తగ్గాక వణుకు ఎంత మిగులుతుందో చూడాలి. బాగా మిగిలితే ఊపిరి జోలికి పోని ఇంకో మాత్ర నరాల డాక్టరు రాస్తాడు. ఈసారి ఒకరికి చెప్పకుండా ఇంకొకరు ఏదీ రాయరు.

"కత్తి పట్టుకోగలనా?" అని అడిగాడు మామయ్య. డాక్టరమ్మ ఆయన మాస్కు సరిచేసి, కొత్త మందు చీటీ రాయడం మొదలుపెట్టింది.

నెల తిరిగేసరికి పిల్లికూతలు పోయాయి. చేతులు చాపితే వేళ్ల చివర కొంచెం అదురు ఉంది. కత్తికి అది ఎక్కువో కాదో ఎవరో ఒకరి గడ్డం మీదే తేలాలి. వీధిలో ఎవరూ ముందుకు రాలేదు.

"మా ఆయన్ని పట్టుకొస్తా. తెగితే కుట్లు నేనే వేస్తా" అంది డాక్టరమ్మ. ఆయన గడ్డం ఎందుకు పెంచాడో ఆవిడకు ఆరోజే తెలిసింది.

డాక్టరమ్మ మొగుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మామయ్య నురగ పట్టించి, ఉంగరపు వేలు ఆయన దవడకు ఆనించి కత్తి దించాడు. గాలిలో అదిరిన చెయ్యి చర్మం మీద నిలిచింది. ఒక చెంప పూర్తయింది. గడ్డం కిందికి వచ్చేసరికి కుర్చీలో ఆయన "ఇంతకీ..." అని ఏదో మొదలుపెట్టాడు. చిన్న ఎర్రచుక్క తేలింది.

డాక్టరమ్మ వంగి చూసి ఫోన్లో నరాల డాక్టరుకి చెప్పింది. "ఒక్క గాటు. అదీ మా ఆయన మాట్లాడబట్టి."

"అయితే ఇంకో మాత్ర అక్కర్లేదు మేడమ్. మీవారిని నోరు మూసుకోమనండి."

"దానికి స్పెషలిస్టు ఎవరైనా ఉంటే చెప్పండి, చీటీ రాసిస్తాను."

మామయ్య పటిక ముక్క తడిపి గాటు మీద అద్దాడు. మొహం రెండో వైపు తిప్పమని వేలితో నెట్టి, కత్తి తుడుచుకున్నాడు.